వెబ్ ఫ్రేమ్‌వర్క్ ఎంచుకునే ముందు ఎలా పోల్చి చూడాలి?

కొత్త ప్రాజెక్ట్ అనగానే టీమ్‌లో మొదటి వాదన ఫ్రేమ్‌వర్క్ (సైట్ కట్టడానికి ముందే సిద్ధంగా ఉన్న కోడ్ చట్రం) మీదే. ఒకరు రియాక్ట్ అంటారు, ఇంకొకరు జాంగో అంటారు. అసలు ఆ రెండూ పోటీదారులే కావు. రియాక్ట్ బ్రౌజర్‌లో కనిపించే స్క్రీన్లను కడుతుంది. జాంగో సర్వర్‌లో ఉండి డేటాబేస్, లాగిన్, ఫారాల సంగతి చూస్తుంది. చాలా ప్రాజెక్టుల్లో రెండూ కలిసే పనిచేస్తాయి. పోలిక గాడిలో పడాలంటే ఈ వరుసలో వెళ్లండి.

1. అవసరాలు రాసుకోండి

మీ సైట్‌కి వచ్చేవాళ్లు ఎక్కువగా చదువుతారా, ఫారాలు నింపుతారా, లేక క్షణక్షణం మారే డేటా చూస్తూ కూర్చుంటారా? మూడేళ్ల తర్వాత ఈ కోడ్ ఎవరి చేతిలో ఉంటుంది? ఎప్పుడో తప్ప మారని అయిదారు పేజీలే అయితే మామూలు హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్ చాలు. ఫ్రేమ్‌వర్క్ జోలికే వెళ్లొద్దు.

2. ఒకే కోవలోవాటిని పక్కపక్కన పెట్టండి

స్క్రీన్ల వైపు రియాక్ట్, వ్యూ, యాంగులర్, స్వెల్ట్. సర్వర్ వైపు పైథాన్‌లో జాంగో, పీహెచ్‌పీలో లారావెల్, రూబీలో రైల్స్. టీమ్‌కి ఏ భాష మీద పట్టు ఉందో చూస్తే సగం జాబితా అక్కడే తగ్గిపోతుంది. చివరికి రెండే మిగలాలి.

3. సపోర్ట్ ఎన్నాళ్లో చూడండి

2010లో వచ్చిన యాంగులర్‌జేఎస్ మీద లెక్కలేనన్ని సైట్లు కట్టారు. 2016లో యాంగులర్ 2ను పూర్తిగా కొత్తగా రాశారు. పాత కోడ్ అందులో నేరుగా నడవదు. 2022 జనవరికల్లా పాతదానికి సపోర్ట్ కూడా ఆగిపోయింది. వ్యూ 2కి 2023 చివర్లో ఆగింది. జాంగోలో ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం సపోర్ట్ ఉండేవి) అనే వెర్షన్లకు దాదాపు మూడేళ్లపాటు సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. మీరు చూస్తున్నవాటికి ఇలాంటి తేదీలు ఉన్నాయేమో అధికారిక డాక్యుమెంటేషన్‌లోనే వెతకండి. లైసెన్స్ కూడా అక్కడే చదివేయండి.

4. రెండిట్లోనూ అదే చిన్న పని కట్టండి

అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. టైమ్ లేదని చాలామంది వదిలేసేదీ ఇదే. లాగిన్, ఒక లిస్ట్, ఒక ఫారం, ఒక ఫైల్ అప్‌లోడ్ చాలు. ఇద్దరుంటే చెరొకటి తీసుకుని రెండు రోజులు కూర్చోండి. ఒక్కరే అయితే ఒక మాట గుర్తుంచుకోండి: సమస్య అప్పటికే అర్థమై ఉంటుంది కాబట్టి రెండోసారి కట్టేది ఎప్పుడూ తేలికగానే అనిపిస్తుంది.

కట్టాక ఒకరి కోడ్ ఒకరు తీసుకుని ఒక మార్పు చేయండి. ఉదాహరణకు, ఫారంలో తప్పనిసరిగా నింపాల్సిన కొత్త గడి ఒకటి చేర్చాలి. జాంగోలో మోడల్‌లో (డేటా ఎలా ఉండాలో చెప్పే కోడ్) ఒక లైన్ రాసి, డేటాబేస్‌ను దానికి తగ్గట్టు మార్చే మైగ్రేషన్ కమాండ్ ఇస్తే, ‘ఇప్పటికే ఉన్న పాత వరుసల్లో ఈ గడికి ఏ విలువ పెట్టను?’ అని అదే ఆగి అడుగుతుంది. జావాస్క్రిప్ట్‌లో సర్వర్ వైపు వాడే ఎక్స్‌ప్రెస్ అనే ఫ్రేమ్‌వర్క్‌లో డేటాబేస్ లైబ్రరీని మీరే ఎంచుకుంటారు కాబట్టి, ఆ ప్రశ్న ఎవరైనా అడుగుతారా లేదా అన్నది ఆ ఎంపిక మీదే ఆధారపడుతుంది. స్వేచ్ఛ ఎక్కువ, బాధ్యతా ఎక్కువే. ఎన్ని ఫైళ్లు ముట్టుకోవాల్సి వచ్చిందో లెక్కపెట్టండి.

తర్వాత కావాలనే ఒక పేరు తప్పు రాయండి. వచ్చిన ఎర్రర్ మెసేజ్ ఏ ఫైల్, ఏ లైన్ అని చూపిస్తోందా? రేపు అర్ధరాత్రి సైట్ ఆగిపోయినప్పుడు మీకు దారి చూపేది ఆ నాలుగు లైన్లే.

5. స్పీడ్‌ను నెమ్మది ఫోన్‌లో కొలవండి

కోడ్ రాసేటప్పుడు వాడే డెవలప్‌మెంట్ మోడ్‌లో కాదు, ప్రొడక్షన్ బిల్డ్ (అసలు యూజర్లకు పంపే రూపం) చేసి చూడండి. పేజీలోని ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలన్నది గూగుల్ పెట్టిన కొలత. సర్వర్ వైపు బెంచ్‌మార్క్ (వేగం పోల్చే పరీక్షల) పట్టికలను మాత్రం నేను పెద్దగా పట్టించుకోను. మామూలు సైట్లలో ఆలస్యం ఎక్కువగా డేటాబేస్ క్వెరీల (డేటా కోసం అడిగే ప్రశ్నల) దగ్గరే ఉంటుంది.

6. నిర్ణయాన్ని రాసిపెట్టండి

ఏది ఎంచుకున్నారు, ఎందుకు, రెండోదాన్ని ఎందుకు వద్దనుకున్నారు అన్నది రీడ్‌మీ (కోడ్‌తో పాటే ఉండే పరిచయ నోట్) ఫైల్‌లో పది లైన్లలో రాయండి. వాడుతున్న వెర్షన్, దాని సపోర్ట్ ముగిసే తేదీ కూడా చేర్చండి. ఆ తేదీకి ఆరు నెలల ముందు క్యాలెండర్‌లో ఒక రిమైండర్ పెట్టుకుని, పని మొదలుపెట్టండి.