తోడేలు ఊరికే నిలబడకుండా

మేం ఆడేది డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్, పాత్రలు వేసుకుని పాచికలతో ఆడే కథల ఆట) ఐదో ఎడిషన్, కథ నడిపే డీఎం నేను. మా చెల్లి రేంజర్ (అడవుల్లో తిరిగే వేటగాడు) పాత్ర తీసుకుని, మూడో లెవెల్లో బీస్ట్ మాస్టర్, అంటే జంతువుని తోడు పెట్టుకునే రేంజర్ అయింది. తోడేలంటే దానికి ప్రాణం. కానీ 2014 రూల్స్ ప్రకారం తోడేలు కరవాలంటే రేంజర్ తన యాక్షన్ (తన టర్నులో చేసే ముఖ్యమైన పని) ఇచ్చెయ్యాలి. ఇక విల్లు భుజానే. పైగా తోడేలు హిట్ పాయింట్లు (ఎంత దెబ్బ తట్టుకోగలదో ఆ లెక్క) 12. ఓగర్ అనే రాక్షసుడి గద దెబ్బ సగటే 13!

హిట్ పాయింట్లు పెంచితే తీరేది కాదిది, అసలు చిక్కు యాక్షన్ దగ్గర. అందుకే 2020లో వచ్చిన ఐచ్ఛిక రూల్స్ పెట్టాం. బోనస్ యాక్షన్‌తో, అంటే టర్నులో దొరికే అదనపు చిన్న పనితో, "పట్టుకో" అంటే తోడేలు దూకుతుంది, యాక్షన్‌తో చెల్లి బాణం వేసుకుంటుంది. నేల మీది జంతువుకి హిట్ పాయింట్లు 5, ఆపైన రేంజర్ లెవెల్‌కి ఐదేసి. అంటే మూడో లెవెల్లో 20.

ఒక్క మెలిక మిగిలింది. హంటర్స్ మార్క్ (ఒక శత్రువుని గుర్తుపెట్టి వాడికి తగిలే దెబ్బ పెంచే రేంజర్ మంత్రం) కూడా బోనస్ యాక్షనే తింటుంది, ఆ టర్నులో తోడేలు దెబ్బలు తప్పించుకుంటూ ఉంటుందంతే. దానికి మా ఇంటి రూల్ ఒకటి: మార్క్ పడ్డవాడు చస్తే, దాన్ని ఇంకొకడి మీదికి మార్చడం ఉచితం. మొదటిసారి వెయ్యడానికి మాత్రం ఖర్చు తప్పదు.

పాలడిన్ (దైవబలమున్న యోధుడు) ఆడే మా బావ ఇది అన్యాయమన్నాడు. ఒకే టర్నులో రెండు స్మైట్‌లు (దైవశక్తి కలిపిన దెబ్బలు) దంచేవాడు అనాల్సిన మాటేనా అది!