ఇంగ్లీషు మాటల జాడలు – ఏడవ పాఠం: ‘ఫాస్ట్’

గత పాఠంలో ‘నైస్’ అనే మాట కథ చెప్పి, దాని అర్థం ఏయే మజిలీలు దాటి ఈనాటికి చేరిందో మీ సొంత మాటల్లో రాయమని అడిగాను. వచ్చిన జవాబుల్లో మజిలీలు చాలావరకు సరిగానే ఉన్నాయి. ‘తెలియనివాడు’ అనే అర్థమున్న లాటిన్ మాట ‘నెస్కియుస్’ పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చిందనీ, 1300 ప్రాంతంలో దానికి ‘తెలివితక్కువ’ అని అర్థమనీ, ఆ పైన అది ఎంపిక విషయంలో అతి పట్టింపునూ, సుకుమారాన్నీ, సూక్ష్మమైన ఖచ్చితత్వాన్నీ చెబుతూ వచ్చి, 18వ శతాబ్దంలో ‘ఇంపైనది’ అనే అర్థానికి చేరిందనీ మీరు పట్టుకున్నారు. చిక్కు వచ్చింది చివరి వాక్యం దగ్గర. ఎక్కువమంది తమ జవాబును ‘కాబట్టి నైస్ అనే మాట అసలు అర్థం మూర్ఖుడు, ఈనాడు అందరూ దాన్ని తప్పుగా వాడుతున్నారు’ అనే ధోరణిలో ముగించారు. ఇకమీదట ఎవరినీ ఆ మాటతో మెచ్చుకోబోమని రాసినవారు కూడా ఉన్నారు.

ఈ ముగింపును సరిదిద్దకుండా కొత్త మాటకు వెళితే, ముందు ముందు నేర్చుకొనేదంతా ఆ పొరపాటు మీదనే పేరుకుంటుంది. అందువల్ల ఈ పాఠంలో మంచి భాగాన్ని దానికే కేటాయిస్తున్నాను. ‘ఫాస్ట్’ కాసేపు ఆగవచ్చు.

ఒక మాటకు తొలినాడు ఉన్న అర్థమే దాని నిజమైన అర్థమని అనుకోవడం మాటల చరిత్ర చదివేవారికి తగిలే మొదటి ఉచ్చు. ఆ శాస్త్రం పేరులోనే ఈ ఉచ్చు దాగి ఉంది. ‘ఎటిమాలజీ’లో ఉన్న గ్రీకు మాట ‘ఎటిమోస్’కు ‘సత్యమైనది’ అని అర్థం. మాట పుట్టుకను తవ్వితే వస్తువు స్వభావమే బయటపడుతుందని ప్రాచీనులు నమ్మారు. 636లో మరణించిన సెవిల్ నగరపు బిషప్ ఇసిడోర్ తన కాలపు జ్ఞానాన్నంతా ఒక పెద్ద సంకలనంగా కూర్చినప్పుడు, దాన్ని మాటల వ్యుత్పత్తుల ఆధారంగానే నడిపాడు. ఆనాటి నమ్మకంగా అది అర్థం చేసుకోదగినదే. ఈనాడు నిఘంటువులలో నాటి ప్రయోగాలన్నీ తేదీలతో సహా కళ్లముందు ఉండగా కూడా అదే నమ్మకంతో మాట్లాడడాన్ని మాత్రం నేను ఒప్పుకోలేను.

పరీక్షించి చూడండి. ‘డిసెంబర్’లో ఉన్నది లాటిన్‌లో పది అనే అంకె. రోమనుల పాత సంవత్సరం మార్చితో మొదలయ్యేది గనక అది పదో నెల. పుట్టినప్పటి అర్థమే నిజమైతే, పన్నెండో నెలను డిసెంబర్ అనే ప్రతివాడూ తప్పు చేస్తున్నట్టే. ‘మాన్యుఫాక్చర్’ అంటే చేత్తో చేయడం. ఈనాడు ఆ మాటను ముఖ్యంగా వాడేది యంత్రాల మీద తయారయ్యే సరుకుకే. ‘కాండిడేట్’ అంటే తెల్లని వస్త్రం ధరించినవాడు, ఎందుకంటే రోములో పదవి కోరేవారు తెల్లని టోగా వేసుకొని జనం ముందుకు వచ్చేవారు. నల్లకోటు వేసుకున్న అభ్యర్థిని అభ్యర్థి కాదని ఎవరూ అనరు. ‘డెసిమేట్’ సంగతి వీటికంటె గట్టి ఉదాహరణ. రోమన్ సైన్యంలో తిరుగుబాటు చేసిన దళంలో పదిమందికి ఒకరి చొప్పున చంపే శిక్ష పేరు అది. ఇప్పుడు దానికి ‘భారీగా నాశనం చేయడం’ అని అర్థం. పదింట ఒక వంతు పోతేనే ఆ మాట వాడాలని పట్టుబట్టేవారు ఇంగ్లీషు మాట్లాడేవారిలో ఈనాటికీ ఉన్నారు. వారే డిసెంబర్ గురించి మాట్లాడరు. ఒక మాటకు పెట్టిన నియమం మరొక మాటకు వర్తించకపోతే అది నియమం ఎలా అవుతుంది?

ఇంకొక ప్రశ్న. పుట్టుక దాకా వెళ్లాలంటే ఎక్కడ ఆగాలి? ‘నైస్’ విషయంలో మీరు లాటిన్ దగ్గర ఆగిపోయారు. ‘నెస్కియుస్’లో ‘నె’ అనేది వ్యతిరేకార్థం; మిగిలినది ‘తెలియడం’ అనే అర్థమున్న ‘స్కిరే’ అనే క్రియ నుంచి వచ్చింది. ఆ క్రియకు కూడా పూర్వం ‘కోయడం, వేరుచేయడం’ అనే మూలార్థం ఉండి ఉంటుందని భాషాచరిత్రకారులు భావిస్తారు. అసలు అర్థమే కావాలనుకుంటే మూర్ఖుడి దగ్గర ఎందుకు ఆగారు, కోయడం దాకా ఎందుకు పోలేదు? మనం ఆగిన చోటల్లా మన పుస్తకమో మన ఓపికో అయిపోయిన చోటు మాత్రమే. అది మాటకు పునాది కాదు.

మన శాస్త్రకారులు ఈ తేడాను ఏనాడో గుర్తించి పేర్లు పెట్టారు. మాటను దాని అవయవాలుగా విడదీస్తే వచ్చేది యోగార్థం, లోకం వాడుకలో స్థిరపడినది రూఢ్యర్థం. బురదలో పుట్టేవన్నీ పంకజాలు కావు, తామర ఒక్కటే పంకజం. ‘తైలం’ అనే మాటలో తిలలు, అంటే నువ్వులు, ఉన్నా ఆవనూనెను కూడా తైలమే అంటాం. రెండూ ఎదురుపడితే ఏది గెలుస్తుందో కూడా వారు తేల్చారు: యోగాద్రూఢిర్బలీయసీ. అంటే యోగం కంటె రూఢి బలమైనది. ఇంగ్లీషు మాటల చరిత్ర చదివేటప్పుడు ఈ ఒక్క వాక్యాన్ని పుస్తకం మొదటి పేజీలో రాసి పెట్టుకోండి.

అయితే పాత అర్థం తెలుసుకొని ప్రయోజనమేమిటి? పాత వాక్యాన్ని పాత కాలపు పాఠకుడిలా చదవగలగడం ఒక ప్రయోజనం. ఈనాటి వాడుకలో పక్కపక్కనే ఉండి పొందిక లేనట్టు కనిపించే అర్థాలకు ఉన్న చుట్టరికం తెలియడం రెండోది. ఈ రెండో ప్రయోజనానికి ‘ఫాస్ట్’ను మించిన మాట నాకు కనబడదు.

ఈనాటి వాడుకలను ముందుగా కూడగట్టండి. వేగంగా పోయే రైలు ఫాస్ట్. రంగు వెలవని బట్ట కూడా ఫాస్టే. అక్కడ కదలకపోవడమే దాని గుణం. బురదలో కూరుకుపోయి కదలని బండి ‘స్టక్ ఫాస్ట్’. గాఢనిద్రలో ఉన్నవాడు ‘ఫాస్ట్ అస్లీప్’. విడదీయరాని మిత్రులు ‘ఫాస్ట్ ఫ్రెండ్స్’. తిండి మానేసి ఉండడం ఫాస్ట్, దాన్ని విరమించే తిండి బ్రేక్‌ఫాస్ట్. గుండీ పెట్టుకోవడం, బిగించడం ‘ఫాసెన్’. అందులో ‘ట’ రాతలోనే ఉంటుంది, పలుకులో వినబడదు. క్షయ అనుమానంతో కఫం పరీక్షించినప్పుడు నివేదికలో కనిపించే ఎ.ఎఫ్.బి. (ఆసిడ్-ఫాస్ట్ బాసిలై) అనే పొడి అక్షరాలలో నడిమిది కూడా ఫాస్టే: ఒకసారి రంగు పట్టిన తర్వాత ఆమ్లంతో కడిగినా దాన్ని వదలని సూక్ష్మజీవులని ఆ పేరుకు అర్థం. ఆ ‘ఫాస్ట్’ను చూసి వేగంగా పెరిగే సూక్ష్మజీవులని అనుకొనేవారు చాలామంది ఉన్నారు. నిజానికి క్షయ సూక్ష్మజీవి చాలా నెమ్మదిగా పెరుగుతుంది.

ఈ జాబితాలో ఏది ఎక్కువసార్లు వస్తోందో చూడండి. వేగం ఒక్కచోటనే ఉంది. మిగిలినవన్నీ స్థిరత్వం, బిగువు, పట్టు. ప్రాచీన ఇంగ్లీషులో ‘ఫాస్ట్’ అంటే స్థిరమైనది, కదలనిది. జర్మన్‌లో ‘ఫెస్ట్’ అనే సోదర పదం ఈనాటికీ అదే అర్థంలో ఉంది. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో 65వ కీర్తన దేవుడు పర్వతాలను ‘ఫాస్ట్’గా నిలిపాడని అంటుంది. ఈనాటి అర్థంతో చదివితే పర్వతాలు పరుగెత్తవలసి వస్తుంది.

కదలనిది వేగమైనదిగా ఎలా మారింది? ఇక్కడ నా అలవాటు ఒకటి చెబుతాను. నిఘంటువులో విశేషణం ముందుగా కనిపించినా, నేను ఎప్పుడూ క్రియావిశేషణాన్నే ముందు చదువుతాను. అర్థం తరచుగా అక్కడే జారుతుంది, ఎందుకంటే క్రియావిశేషణం తన పక్కన ఉన్న క్రియను బట్టి రంగు మార్చుకుంటుంది. ‘ఫాస్ట్’ విషయంలో జరిగింది సరిగ్గా అదే. తెలుగులో ‘గట్టిగా’ అనే మాటను తీసుకోండి. తాడు గట్టిగా పట్టుకో అన్నప్పుడు బిగువు. గట్టిగా కొట్టాడు అంటే బలం. గట్టిగా అరిచాడు అంటే పెద్ద గొంతు. గట్టిగా ప్రయత్నించు అంటే పట్టుదల. గట్టిదనం ఒక్కటే అయినా క్రియ మారినప్పుడల్లా అది వేరొక దిక్కు చూస్తోంది. ‘ఫాస్ట్’ కూడా పట్టుకోవడం, కట్టడం వంటి క్రియలతో ఉన్నంతకాలం బిగువును చెప్పింది. కొట్టడం, పోరాడడం వంటి వాటితో చేరి బలాన్ని చెప్పింది. పరుగెత్తడంతో చేరాక, బలంగా పరుగెత్తడానికీ వేగంగా పరుగెత్తడానికీ వినేవాడికి తేడా లేకపోయింది. బలం అని పలికినవాడి మాటను వేగం అని విన్నా ఎవరికీ నష్టం కలగని ఇటువంటి వాక్యాన్ని వంతెన వాక్యం అందాం. కొత్త అర్థం అటువంటి వాక్యంలోనే పుడుతుంది. 13వ శతాబ్దం నాటికి క్రియావిశేషణంలో వేగం వచ్చేసింది. విశేషణం దాన్ని ఆ తర్వాత అందుకుంది.

ఈ దారి తప్పనిసరి కాదని చూపడానికి జర్మన్ భాషే సాక్ష్యం. అక్కడ కూడా ఇదే క్రియావిశేషణం బిగువుగా, బలంగా, మిక్కిలిగా అనే అర్థాల మీదుగా నడిచింది, కాని వేగం వైపు తిరగలేదు. నేటి జర్మన్‌లో ‘ఫాస్ట్’ అంటే ‘దాదాపు’. ఒకే విత్తు నుంచి వచ్చిన మాట ఒక భాషలో పరుగెత్తింది, ఇంకొక భాషలో గమ్యానికి కాస్త ఇవతల నిలిచింది. వీటిలో ఏది అసలుదని అడగగలరా?

ఉపవాసం సంగతి సులువు. స్థిరంగా పట్టుకోవడం అనే క్రియ నియమాన్ని విడవకుండా పాటించడానికి వచ్చింది. మతంలో పాటించే నియమాల్లో తిండి మానడం ప్రధానమైనది గనక ఆ ఒక్కదానికే పేరయింది.

పాత అర్థం పోతేనే కొత్తది వస్తుందని కూడా అనుకోకండి. షేక్‌స్పియర్ ‘రోమియో అండ్ జూలియట్’లో ఫ్రయర్ లారెన్స్ ఫాస్ట్‌గా పరుగెత్తేవారు తొట్రుపడతారని హెచ్చరిస్తాడు, ‘ది మర్చంట్ ఆఫ్ వెనిస్’లో షైలాక్ తలుపులు మూసుకొమ్మని కూతురికి చెబుతూ, గట్టిగా కట్టినది గట్టిగా దొరుకుతుందనే సామెతలో అదే మాట వాడతాడు. రాసినవాడు ఒకడే. ఏ అర్థమో పక్కనున్న క్రియే చెబుతుంది.

పాత అర్థం జనానికి తెలియకుండా పోయినప్పుడు ఏమవుతుందో చూపే మాట కూడా ఒకటి ఉంది. సిగ్గుతో కట్టుబడినవాడు, అణకువ గలవాడు అనే అర్థంలో ప్రాచీన ఇంగ్లీషులో ‘షేమ్‌ఫాస్ట్’ అనే రూపం ఉండేది. ఆ ‘ఫాస్ట్’ ఎందుకుందో తోచని కాలం వచ్చాక, సిగ్గు ముఖంలో కనబడుతుంది గదా అన్న ఊహతో 16వ శతాబ్దంలో అది ‘షేమ్‌ఫేస్డ్’గా మారింది. దాన్ని పొరపాటని కొట్టివేయవలసిన పని లేదు. ఈనాడు ఇంగ్లీషులో ఉన్న మాట అదే.

నిఘంటువుల గురించి ఒక మాట. 1884లో భాగాలుగా వెలువడడం మొదలై 1928లో పూర్తయిన ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు అర్థాలను చారిత్రక క్రమంలో పెడుతుంది. మెరియం వెబ్‌స్టర్ కూడా అంతే. విద్యార్థుల నిఘంటువులు మాత్రం నేడు ఎక్కువగా వాడే అర్థాన్ని ముందు పెడతాయి. మీ చేతిలో ఉన్నది ఏ రకమో పీఠికలో చూడకుండా ‘మొదటి అర్థం’ అని రాయకండి. నాకు మొదటి రకమే ఇష్టం, అందులోనూ అర్థ వివరణ కంటె కింద ఇచ్చిన ప్రయోగాలనే ఎక్కువగా నమ్ముతాను.

ఇక అభ్యాసం. ఈసారి మాట ‘క్విక్’. ఇప్పుడు ఇది కూడా వేగాన్నే చెబుతోంది, కాని ప్రాచీన ఇంగ్లీషులో దీనికి ‘ప్రాణమున్నది’ అని అర్థం. పాదరసానికి ‘క్విక్‌సిల్వర్’ అనీ, కాలు పెడితే లోపలికి లాగే ఇసుకకు ‘క్విక్‌సాండ్’ అనీ, గోరు కింద ముట్టుకుంటే నొప్పిపెట్టే మెత్తని చర్మానికి ‘క్విక్’ అనీ పేర్లు ఎందుకు వచ్చాయో ఒక్కొక్కటిగా రాయండి. తర్వాత ప్రాణం నుంచి వేగానికి దారి వేయగల వంతెన వాక్యాలు మూడు సొంతంగా కల్పించండి. ప్రతి వాక్యమూ రెండు అర్థాలలోనూ సరిగ్గా అతకాలి, ఒక్క అర్థానికే ఒదిగేది చెల్లదు. ఇది కష్టమైన పనే, ఒక్కరోజులో తేలదు. చివరగా, ‘క్విక్’, ‘ఫాస్ట్’ రెండూ వేగానికే చేరాయి గనక అవి చేరిన దారులు ఎక్కడ కలిశాయో, ఎక్కడ విడిపోయాయో ఒక పేరా రాయండి. ఆ పేరాలో ‘అసలు అర్థం’ అన్న మాట ఎక్కడా రాకూడదు.