అడవి మొక్కల్లో తుప్పు తెగులు: నిరోధకతనూ విరులెన్స్‌నూ జంటగా పరీక్షించే విధానం

అడవి మొక్కపై తుప్పు తెగులు (ఆకులపై తుప్పు రంగు పొక్కులు తెచ్చే శిలీంధ్ర వ్యాధి) కనిపించనంత మాత్రాన దానికి నిరోధకత ఉందనుకోరాదు. శిలీంధ్రాన్ని వ్యాపింపజేసే సూక్ష్మ కణాలైన సిద్ధబీజాలు మొక్కను చేరకపోయి ఉండవచ్చు, చేరినా అవి మొలకెత్తేటంత సేపు ఆకు తడిగా ఉండకపోయి ఉండవచ్చు. పైగా, 1940లలో అవిసెపై (ఫ్లాక్స్) వృక్షవ్యాధి శాస్త్రవేత్త హెచ్. హెచ్. ఫ్లోర్ చూపినట్లు, మొక్కలోని ఒక్కో నిరోధక జన్యువుకు దీటుగా శిలీంధ్రంలోనూ ఒక జన్యువు ఉంటుంది. కనుక నిరోధకత గానీ, దాన్ని ఛేదించే శక్తి అయిన విరులెన్స్ గానీ రెండింటినీ ఎదురెదురుగా నిలిపినప్పుడే తెలుస్తాయి.

పక్కపక్కన ఉన్నవి ఒకే తల్లి సంతానం కావచ్చు గనుక, దూరదూరంగా ఉన్న మొక్కల నుంచి విత్తనాలు సేకరించి, ఒక్కో తల్లి మొక్కవి వేరువేరుగా భద్రపరచండి. తుప్పు నమూనాలనూ వేర్వేరు మొక్కల నుంచే తీసుకొని, ప్రతి నమూనాలోనూ ఒకే పొక్కు సిద్ధబీజాలను వేరు చేసి, తెగులుకు తేలికగా లొంగే మొక్కపై పెంచండి. అవిసె తుప్పుకు హోషంగాబాద్ అనే వంగడం ఇలా వాడుకలో ఉంది. విసుగు పుట్టించే పనే అయినా దీన్ని దాటవేయరాదు: రెండు రకాల శిలీంధ్రం కలిసిపోతే, చెరి కొన్ని మొక్కలను లొంగదీసుకుని, రెండూ కలిసి అన్నింటినీ ఛేదించే ఒకే రకంలా కనిపిస్తాయి.

ఒకే వయసు మొలకలపై సిద్ధబీజాలను చల్లి, రాత్రంతా గాలిలో తేమ నిండుగా, ఉష్ణోగ్రత సుమారు 20 డిగ్రీల వద్ద ఉంచండి. ప్రతి ట్రేలోనూ లొంగే మొక్క ఒకటి తప్పనిసరి; దానిపై పొక్కులు రాకుంటే ఆ ట్రే ఫలితాలన్నీ పక్కన పెట్టవలసిందే.

దాదాపు రెండు వారాలకు 0 నుంచి 4 వరకు మార్కులు వేయండి: 0 అంటే లక్షణాలు లేవు, 4 అంటే పెద్ద పొక్కులు విరివిగా ఉన్నాయి. చుట్టూ కణజాలం చచ్చిన చిన్న పొక్కులు మధ్యస్థ మార్కులకు వస్తాయి. వీటిని హడావిడిగా నిరోధకతలోకో లొంగుబాటులోకో నెట్టివేయడం నాకు సమ్మతం కాదు, పాక్షిక నిరోధకత బయటపడేది ఇక్కడే. ఒకే తల్లి మొలకల మధ్య తేడా వస్తే సగటు తీయక, విడిగా నమోదు చేయండి.

ఫలితాలను మొక్కలు అడ్డు వరుసల్లో, శిలీంధ్ర నమూనాలు నిలువు వరుసల్లో ఉండే పట్టికగా రాస్తే, ఒకేలా స్పందించిన మొక్కలు ఒక నిరోధక వర్గంగా తేలుతాయి. వాటి జన్యువులు మాత్రం వేరు కావచ్చు. అవకాశం ఉంటే ఒక్కో పొక్కు ఇచ్చే సిద్ధబీజాలనూ లెక్కించండి. ఆస్ట్రేలియాలోని అడవి అవిసె, లైనమ్ మార్జినేల్‌పై 2003లో వెలువడిన అధ్యయనంలో, నిరోధకత ఎక్కువున్న సమూహాల్లో విరులెన్స్ ఎక్కువగా ఉండగా, విరులెన్స్ ఎక్కువున్న శిలీంధ్ర రకాలు తక్కువ సిద్ధబీజాలను ఉత్పత్తి చేశాయి.