రెడ్ క్రాస్ దినానికి మొక్క నాటాలా? ముందు గొయ్యి తవ్వండి

మే 8 ప్రపంచ రెడ్ క్రాస్ దినం. 1828లో ఆ రోజునే జెనీవాలో, రెడ్ క్రాస్ స్థాపకుల్లో ఒకరైన హెన్రీ డ్యూనాంట్ పుట్టారు. మన దేశంలో రెడ్ క్రాస్ సొసైటీ 1920లో చట్టంతో ఏర్పడింది. ఆ గుర్తుగా ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు బడిలోనో పంచాయతీలోనో మొక్క నాటాలనుకుంటే, చిక్కంతా ఆ తారీఖుతోనే. మే ఎండలో నాటి, ఫొటో దిగి ఇంటికి పోతే పది రోజులకు పుల్ల మిగులుతుంది. మా వీధి బడిలో నేనూ ఒక మొక్కను అలాగే చంపాను.

అందుకే మేలో గొయ్యి, వానలు పడ్డాక మొక్క.

చోటు: కరెంటు తీగల కింద, గోడ పక్కన వద్దు. బోరింగు దగ్గరైతే నయం. స్థలం ఎవరిదో వాళ్లని ముందే అడగండి.

మొక్క: 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లాను ఊడ్చేసింది. కాబట్టి గాలికి నిలిచేదే చూడండి. తురాయి పూలు అందమే గానీ కొమ్మ పెళుసు. వేప, కానుగ మేలు. నన్నడిగితే పొగడ. నెమ్మదిగా పెరుగుతుంది, కానీ నీడకు నీడ, వాసనకు వాసన.

గొయ్యి: మే 8న నలుగురినీ పిలిచి, పొడవు, వెడల్పు, లోతు రెండేసి అడుగులుండేలా తవ్వండి. పైమట్టి ఒక పక్క, అడుగుమట్టి ఇంకో పక్క. గొయ్యిని నెలపాటు ఎండనివ్వండి.

నాటడం: నేల జానెడు లోతు తడిశాక, సాయంత్రం పూట. పైమట్టిలో మాగిన గెత్తం మూడో వంతు, చెదలకు రెండు గుప్పిళ్ల వేపపిండి కలపండి. సంచిని లాగొద్దు, బ్లేడుతో కోయండి. వేళ్ల చుట్టూ మట్టి చెదరకూడదు. సంచిలో ఎంతవరకు పూడి ఉందో గోతిలోనూ అంతే. ఊతకర్రకు పాత చీర పీలికతో వదులుగా కట్టండి. మేకల సంగతి చెప్పక్కర్లేదు, వెదురు దడి తప్పదు.

బోర్డు: ఒడియాలో, తెలుగులో రాయించండి. ఎర్ర శిలువ గుర్తు మాత్రం వేయించకండి. 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం ప్రకారం అనుమతి లేకుండా దాన్ని వాడకూడదు. చెట్టుకు మేకు కొట్టొద్దు, బోర్డును విడిగా పాతండి.

నీళ్లు: వానలు వెనకబడ్డాక, అడుగున సన్నటి చిల్లు పెట్టిన కుండను మొదలు పక్కన పాతి నింపుతుండండి. ఎవరి వంతు ఎప్పుడో కాగితం మీద రాయండి. వేసవి సెలవుల్లో బడికి తాళం పడుతుంది కదా, ఆ రోజులకు ఎదురింటివాళ్ల పేరు రాసి, గేటు తాళంచెవి వాళ్లకే ఇచ్చేయండి.