జీమ్యాట్ రెండోసారి: నా పొరపాటు ఎక్కడ దొరికింది
ఎంబీఏ లాంటి మేనేజ్‌మెంట్ కోర్సుల్లో ప్రవేశానికి రాసే జీమ్యాట్‌లో మొదటిసారి నాకు 805కి 595 వచ్చింది. లోపం లెక్కల్లో ఉందనుకుని నెల రోజులు వాటినే సాధన చేశాను. అది వృథా శ్రమ. అసలు దెబ్బ పట్టికలు, గ్రాఫుల్లోని సమాచారాన్ని విశ్లేషించే డేటా ఇన్‌సైట్స్‌లో తగిలింది: 45 నిమిషాల్లో 20 ప్రశ్నలు పూర్తి చేయాల్సిన ఆ విభాగంలో ఒకే పట్టికతో ఏడు నిమిషాలు కుస్తీ పట్టి, చివరి నాలుగు ప్రశ్నలను అందుకోలేకపోయాను. ఆ తరువాత ప్రతి మాక్ పరీక్షలోనూ మూడు నిమిషాలు దాటిన ప్రశ్నకు ఏదో ఒక జవాబు గుర్తించి, దానిని బుక్‌మార్క్ చేసి ముందుకు సాగడం అలవాటు చేసుకున్నాను (మనసొప్పడానికి రెండు వారాలు పట్టింది). విభాగం చివర సమయం మిగిలితే మూడు జవాబుల వరకు మార్చుకునే వీలుంది కదా. మళ్లీ రాయడానికి 16 రోజుల విరామం చాలు గానీ, నేను పది వారాలు ఆగాను. రెండోసారి ఆ విభాగాన్నే మొదట ఎంచుకున్నాను, 655 వచ్చింది.