సీఈ మార్కు ఎవరూ ఇవ్వరు, మనమే వేసుకోవాలి

యూరప్‌లో ఎలక్ట్రికల్ వస్తువు అమ్మాలంటే దాని మీద సీఈ మార్కు ఉండాలి, అంటే అక్కడి నిబంధనలకి సరిపోతుందని చెప్పే గుర్తు. ఆ సర్టిఫికెట్ ఎక్కడ ఇస్తారని చాలామంది అడుగుతుంటారు. మిక్సీ, ల్యాంపు లాంటి మామూలు వస్తువులకి అలా ఇచ్చే ఆఫీసు ఏదీ లేదు. తయారీదారే పరీక్షలు చేయించి, ఫైలు తయారుచేసి, వస్తువు నిబంధనలకి సరిపోతుందనే డిక్లరేషన్ మీద సంతకం పెట్టి మార్కు వేసుకోవాలి. రేపు ఎవరికైనా షాక్ కొడితే ల్యాబ్ రిపోర్టు చూపించి తప్పించుకోలేరు, జవాబు చెప్పాల్సింది సంతకం పెట్టినవాళ్లే.

ముందు ఏ చట్టం కిందకి వస్తుందో చూడండి. ఏసీ 50 నుంచి 1000 వోల్టులు, డీసీ 75 నుంచి 1500 వోల్టుల మధ్య పనిచేసేవి లో వోల్టేజ్ డైరెక్టివ్ కిందకి వస్తాయి. బ్లూటూత్ గానీ వైఫై గానీ ఉంటే మాత్రం రేడియో డైరెక్టివ్ వర్తిస్తుంది, అందులో వోల్టేజి పరిమితి లేదు కాబట్టి బ్యాటరీతో నడిచే చిన్న స్పీకర్‌కి కూడా భద్రత నిరూపించాల్సిందే. సీసం లాంటి ప్రమాదకర పదార్థాలకి పరిమితి పెట్టే ఆర్‌ఓహెచ్‌ఎస్ ఎలాగూ ఉంటుంది.

తర్వాత స్టాండర్డ్, అంటే వస్తువు ఎలా ఉండాలో, ఏ పరీక్షలు నెగ్గాలో చెప్పే పత్రం. ఇంట్లో వాడే పరికరాలకి ఈఎన్ 60335, టీవీలూ కంప్యూటర్ల లాంటివాటికి 62368-1, లైట్లకి 60598. డబ్బు పెట్టి కొనాలి, తప్పదు. సర్క్యూట్ బోర్డు డిజైన్ చేయకముందే చదవండి, ఎందుకంటే ల్యాబ్‌లో ఇబ్బంది పెట్టేది చాలాసార్లు మెయిన్స్ (గోడ ప్లగ్గు కరెంటు) వైపుకీ చేయి తగిలే వైపుకీ మధ్య ఉండాల్సిన దూరం, అది తక్కువైతే బోర్డు మళ్లీ మొదటినుంచి గీయాలి.

ల్యాబ్‌కి పంపేముందు సొంతంగా కొన్ని చూసుకోవచ్చు. ఎర్త్ ఉన్న పరికరమైతే 60335 ప్రకారం కనీసం 25 ఆంపియర్లు పంపి కొలుస్తారు, ఎర్త్ పిన్ను నుంచి మెటల్ బాడీ దాకా రెసిస్టెన్స్ 0.1 ఓమ్ దాటకూడదు (వైరు రెసిస్టెన్స్ లెక్కలోకి రాదు). మామూలు మల్టీమీటర్‌తో ఇది తేలదు. హైపాట్ అంటే ఎక్కువ వోల్టేజి పెట్టి ఇన్సులేషన్ తట్టుకుంటుందో లేదో చూసే పరీక్ష. అందులో 230 వోల్టుల వస్తువుకి బేసిక్ (మామూలు) ఇన్సులేషన్ మీద 1000, రీఇన్‌ఫోర్స్‌డ్ (రెండింతల రక్షణ ఇచ్చే) ఇన్సులేషన్ మీద 3000 వోల్టులు పెడతారు. అలవాటు లేకపోతే దాని జోలికి పోకండి.

కాగితాల పని విసుగే. డిక్లరేషన్, సర్క్యూట్లు, రిస్క్ అనాలిసిస్, రిపోర్టులు పదేళ్లు దాచాలి. యూరోపియన్ యూనియన్‌లో బాధ్యత తీసుకునే ఒకరి పేరు, అడ్రసు వస్తువు మీదో ప్యాకింగ్ మీదో ఉండాలి. 2021 జూలై 16 నుంచి ఇది తప్పనిసరి. మాన్యువల్ ఏ దేశంలో అమ్మితే ఆ దేశం భాషలో.

అన్నీ అయ్యాక సప్లయర్ చెప్పకుండా చౌక ట్రాన్స్‌ఫార్మర్ పెడితే పాత రిపోర్టు ఆ వస్తువుది కాకుండా పోతుంది. అందుకే ముఖ్యమైన పార్టుల మోడల్ నంబర్లు ఆర్డరులోనే రాసి, ప్రతి బ్యాచ్‌లో ఒకటి విప్పి సరిపోల్చండి.