కింది దవడ మూడు పళ్లతో ఎత్తు అంచనా: కరేయా పద్ధతి, కొలత, లెక్క, తప్పే చోట్లు

గుర్తు తెలియని శవం కేసులో తొడ ఎముక దొరికితే పళ్ల నుంచి ఎత్తు లెక్కగట్టాల్సిన పని లేదు. తొడ ఎముకతో వచ్చే అంచనా మూడు నాలుగు సెంటీమీటర్ల అటూ ఇటూలో ఉంటుంది, పళ్లు దాని దరిదాపుల్లోకి కూడా రావు. పొలం గట్టునో చెరువు పూడికలోనో పుర్రె, దవడ మాత్రమే దొరికి మిగతా ఎముకలు కుక్కలు, నక్కలు లాక్కెళ్లిపోయిన కేసులకే ఈ పద్ధతి.

అర్జెంటీనా దంతవైద్యుడు హువాన్ ఉబాల్దో కరేయా 1920లో దీన్ని ప్రతిపాదించాడు. కింది దవడలో ఒక పక్క మూడు పళ్లు చాలు: మధ్య కొరికే పన్ను, దాని పక్కది, ఆ పక్కన కోరపన్ను. దంతవైద్యుల అంకెల్లో ఎడమవైపు 31, 32, 33, కుడివైపు 41, 42, 43. వీటి నుంచి రెండు కొలతలు తీయాలి. మూడు పళ్ల వెడల్పులు విడివిడిగా కొలిచి కలిపితే వచ్చేది చాపం. మధ్య పన్నుకు నోటి నడిమి గీత వైపున్న అంచు నుంచి కోరపన్ను వెనక అంచు దాకా తిన్నగా తీసిన దూరం జ్యా. చాపం నుంచి గరిష్ఠ ఎత్తు, జ్యా నుంచి కనిష్ఠ ఎత్తు వస్తాయి. అసలు ఎత్తు ఆ రెంటి మధ్య ఉంటుందని కరేయా అన్నాడు.

లెక్క ఇది: మి.మీ. కొలత × 6 × 10 × 3.1416 ÷ 2. అంటే కొలతను 94.248తో గుణిస్తే ఎత్తు మి.మీ.లో వస్తుంది.

ఈ 94 అన్న అంకెను గుర్తు పెట్టుకోవాలి, పద్ధతి గుట్టంతా అందులోనే ఉంది. పన్ను మీద ఒక మి.మీ. తేడా మనిషి మీద తొమ్మిదిన్నర సెం.మీ. అవుతుంది. వెడల్పు కొలిచే పరికరం కాలిపర్ ఒక్కో పన్నుకు 0.1 మి.మీ. ఎక్కువ చూపిస్తే మూడింటికి 0.3, ఎత్తులో 2.8 సెం.మీ. పైగా సూత్రంలో కలపడానికీ తీసేయడానికీ స్థిరాంకం లేదు. పళ్లు అయిదు శాతం వెడల్పుంటే మనిషి కూడా అయిదు శాతం పొడుగని చెప్పేస్తుంది. శరీరం అలా పెరగదు. కింది కొరికే పళ్ల పైభాగం నాలుగైదేళ్లకే పూర్తిగా తయారవుతుంది, కోరపన్నుది ఆరేడేళ్లకు. ఆ తర్వాత పంటి పై గట్టి పొర, ఎనామిల్, పెరగదు. ఎత్తు మాత్రం పద్దెనిమిదేళ్ల దాకా పెరుగుతూ పోతుంది, తిండి, జబ్బులు, యవ్వనంలో వచ్చే పెరుగుదల అన్నీ దాని మీదే పనిచేస్తాయి. మగా ఆడా తేడాకు సూత్రంలో చోటే లేదు. అందుకే ఈ ఫలితాన్ని జల్లెడలా వాడాలి. మిస్సింగ్ కేసుల్లోంచి ఎత్తు బొత్తిగా కుదరని వాళ్లను వెనక వరుసలోకి జరపడానికి పనికొస్తుంది, ఫలానా మనిషే అని తేల్చడానికి కాదు. విపత్తు మృతుల గుర్తింపులో ఇంటర్‌పోల్ ప్రధాన ఆధారాలుగా లెక్కించేవి వేలిముద్రలు, దంత రికార్డులు, డీఎన్‌ఏ. ఎత్తు వాటి తర్వాతదే.

కొలతకు ముందు పళ్లు పనికొస్తాయో లేదో చూడాలి. కింది ముందు పళ్లకు ఒక్కటే వేరు, అదీ సన్నం. చిగుళ్లు కుళ్లగానే గుంటలోంచి జారిపోతాయి. దవడ దొరికిన చోట మట్టిని సన్నటి జల్లెడ పట్టకపోతే అవి అక్కడే ఉండిపోతాయి. దొరికిన పన్ను ఏదో గుర్తుపట్టడానికి కొండగుర్తులున్నాయి. పై దవడలో మధ్య పన్ను పెద్దది, పక్కది చిన్నది. కింద దీనికి తిరగబడి మధ్యదే చిన్నది. కింది పక్క పన్నును కొరికే అంచు వైపు నుంచి చూస్తే పైభాగం వేరు మీద వెనక్కి కాస్త మెలితిరిగి కనిపిస్తుంది. మధ్య పన్ను రెండు వైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి కుడో ఎడమో తేలాలంటే గుంటలో కూర్చోబెట్టి చూడాల్సిందే.

పాలపళ్లు ఉన్న నోటికి ఈ లెక్క వేయొద్దు. కిరీటం తొడిగిన పన్ను, పక్కల్లో పిప్పికి సిమెంటు నింపిన పన్ను కూడా పనికిరావు. కాలిన శవాల్లో ముందు పళ్లకే మంట ముందుగా తగులుతుంది. ఎనామిల్ పెంకులా ఊడి దాని కింది పొర డెంటిన్ మిగిలితే కొలవడానికి ఏమీ లేనట్టే.

కొలిచే తీరు చెప్పుకుందాం. మొనదేలిన దవడలున్న డిజిటల్ వెర్నియర్ కాలిపర్, 0.01 మి.మీ. చూపేది తీసుకోవాలి. పళ్ల మీద గార ఉంటే మెల్లగా తీసేయాలి, పక్క అంచున అంటుకున్న పలచటి గార కూడా వెడల్పును పెంచేస్తుంది. ఎండిన పన్ను పెళుసు కాబట్టి సందులోకి మొనను బలంగా దూర్చకూడదు, ఎనామిల్ పెచ్చు లేస్తుంది. కాలిపర్ మూసి సున్నా చూసుకోవాలి. రెండు మొనలూ పన్నులో అన్నింటికంటే వెడల్పైన చోట ఆనాలి, కాలిపర్ కొరికే అంచుకు సమాంతరంగా, పన్ను నిలువుకు అడ్డంగా ఉండాలి. ఏటవాలుగా పడితే కొలత పెరుగుతుంది. ఒక పన్నును వరసగా మూడుసార్లు కొలవొద్దు, మొదటి అంకె మనసులో ఉండిపోయి రెండోదాన్ని లాగేస్తుంది. రెండు పక్కల ఆరు పళ్లూ ఒక చుట్టు కొలిచి, ఆ కాగితం పక్కన పెట్టి, మళ్లీ మొదటి నుంచి రావాలి. మూడు చుట్ల సగటు తీయాలి. వీలైతే రెండో మనిషి, మొదటివాళ్ల అంకెలు చూడకుండా కొలవాలి.

ఒక లెక్క చూద్దాం. 31 వెడల్పు 5.32, 32 వెడల్పు 5.90, 33 వెడల్పు 6.71. చాపం 17.93 మి.మీ. దీన్ని 94.248తో గుణిస్తే 1690 మి.మీ., అంటే 169.0 సెం.మీ. జ్యా 17.05 మి.మీ., దాని నుంచి 160.7 సెం.మీ. మన మాటల్లో అయిదడుగుల మూడు అంగుళాల పైచిలుకు నుంచి అయిదడుగుల ఆరున్నర దాకా. ఎంత జాగ్రత్తగా కొలిచినా మిగిలేది ఎనిమిది సెంటీమీటర్ల తేడా.

ఇప్పుడు ఇదే నోట్లో పళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయనుకోండి. వెడల్పులు మారవు, జ్యా మాత్రం 15.5కి పడిపోతుంది. కనిష్ఠ ఎత్తు 146 సెం.మీ.కి దిగి, 146 నుంచి 169 అన్న జవాబు ఎవరికీ అక్కరకు రాదు. పళ్ల మధ్య సందులుంటే దీనికి ఎదురు జరుగుతుంది. సందులు కూడా జ్యాలో కలిసి అది 18.4 అయితే కనిష్ఠం 173.4, గరిష్ఠాన్నే దాటిపోయింది. జ్యా చాపం కంటే ఎక్కువ వస్తే సందులన్నా ఉన్నాయి, కొలతన్నా తప్పింది. ఊడిన పళ్లను గుంటల్లో పెట్టి మైనంతో నిలబెట్టినా జ్యాను నమ్మకూడదు, ఎండిన గుంటలో పన్ను అటూ ఇటూ ఊగుతుంది. అలాంటప్పుడు చాపం ఒక్కటే నమ్మదగ్గ కొలత. కుడి ఎడమలు రెండూ లెక్కగట్టి, రెండు ఫలితాలూ రాయాలి, సగటులో కలిపి తేడాను దాచకూడదు.

ఎక్కువగా దెబ్బతీసేది అరుగుదల. కింది కొరికే పన్ను బాగా వెడల్పుండేది కొరికే అంచు దగ్గరే. వక్క, గుట్కా నమిలి నమిలి పైన అరిగిందంటే ముందుగా పోయేది ఆ వెడల్పైన భాగమే. వయసుతో పక్క పళ్లు రాసుకుని కూడా అంచులు తరుగుతాయి. పన్నుకు 0.3 మి.మీ. తరిగితే మూడింటికి 0.9, ఎత్తులో ఎనిమిదిన్నర సెం.మీ. కొట్టుకుపోయినట్టే. డెంటిన్ పసుపుపచ్చగా బయటపడిన పళ్లతో లెక్క వేసి పొట్టివాడని రాయడం ఈ పద్ధతిలో బాగా జరిగే తప్పు.

అచ్చు తీసి కొలిస్తే ఇంకో జాగ్రత్త కావాలి. అచ్చు తీసే మెత్తటి పదార్థం ఆల్జినేట్ నీరు పోయేకొద్దీ ముడుచుకుంటుంది, తీసిన పది పదిహేను నిమిషాల్లోనే అందులో డెంటల్ స్టోన్ (గట్టిపడే ప్లాస్టర్) పోసేయాలి.

సూత్రం పుట్టింది అర్జెంటీనాలో. మన ప్రాంతపు కేసుల్లో వాడే ముందు, ఎత్తు తెలిసిన, పళ్లు సక్రమంగా ఉన్న ముప్ఫై నలభై మంది స్థానికుల మీద కొలిచి, ఎందరి ఎత్తు కనిష్ఠ గరిష్ఠాల మధ్య పడిందో చూసుకోవాలి. సాక్షిగా పిలిచినప్పుడు భారతీయ సాక్ష్య అధినియం 39వ సెక్షన్ కింద నిపుణుడి అభిప్రాయానికి అడ్డు ప్రశ్న వచ్చేది అక్కడే.

పోల్చే ఎత్తు మీదా అనుమానం ఉండాలి. ఇంట్లోవాళ్లు 'అయిదున్నర అడుగులు ఉంటాడండీ' అంటే అది గుండుగుత్త మాట. 'నా భుజం దాకా వస్తాడు' అని చెప్పినవాళ్లను నిలబెట్టి ఆ భుజం ఎత్తు టేపుతో కొలుచుకోవడం మేలు. నలభై దాటాక మనిషి పదేళ్లకు సుమారు ఒక సెం.మీ. కుంగుతాడు కూడా.

రిపోర్టులో ఒకే అంకె ఇవ్వొద్దు. ఏ పళ్లు, ఏ వైపు, పచ్చి కొలతలు, అరుగుదల ఎంత, పళ్లు తిన్నగా ఉన్నాయా లేదా, కనిష్ఠం, గరిష్ఠం, ఇవన్నీ రాయాలి. ఫొటోలు, ఎక్స్‌రే, కొలతలు పూర్తయ్యాకే పళ్లు డీఎన్‌ఏకు వెళ్లాలి. అందుకూ చెక్కుచెదరని దవడ పన్ను ఇవ్వడం మంచిది. పొడి చేసిన కోరపన్నును మళ్లీ కొలవలేం.